మేడే పిలుపు: సిమ్యులేటర్ పైలట్ల అపోహలు - వాస్తవాలు

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడిపేవారికి రేడియో అంటే మొదట్లో బెరుకు, అది తీరాక మోజు. వాట్‌సిమ్, ఇవావో వంటి ఆన్‌లైన్ నెట్‌వర్కులలో అవతల కంట్రోలర్‌గా కూర్చునేది నిజమైన మనిషే కనుక, "మేడే" (ప్రాణాపాయంలో ఉన్న విమానం రేడియోలో ఇచ్చే పిలుపు) అంటూ అత్యవసర పరిస్థితిని అభినయించాలన్న ఉత్సాహం కొత్తవారిలో సహజంగానే ఉంటుంది. ఆ కంట్రోలర్ కుర్చీలో నేనూ కూర్చుంటాను కాబట్టి, తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: ఇంజిన్ ఆగిన మరుక్షణమే మేడే చెప్పాలి.

వాస్తవం: ముందు విమానాన్ని అదుపులో ఉంచుకోవాలి, ఆ తర్వాత ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి, మాట్లాడటం ఈ రెండూ అయ్యాకే. ఎయిర్‌బస్ ఎ320లో టేకాఫ్ వేళ ఒక ఇంజిన్ చెడిపోతే, నేల నుంచి కనీసం 400 అడుగుల ఎత్తుకు చేరేదాకా విమానాన్ని రడ్డర్‌తో (తోక మీది చుక్కాని) నేరుగా పట్టుకుని, చక్రాలు లోపలికి తీసుకోవడమే తప్ప, ఆ వైఫల్యానికి సంబంధించిన చర్యలేవీ మొదలుపెట్టరు. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఆ 400 అడుగులంటే, సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే ఆల్టిమీటర్ సుమారు 2,400 చూపాలి. ఈ తేడా గమనించక, చక్రాలు నేలను వదిలీ వదలకముందే మైకు నొక్కేవారు తరచూ తగులుతుంటారు. నిజమైన కాక్‌పిట్‌లో ఒకరు విమానం నడుపుతుంటే మరొకరు రేడియో చూసుకుంటారు. ఇంట్లో రెండు పనులూ ఒక్కరివే కనుక, పిలుపు మరికాస్త ఆలస్యమైనా తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

చెప్పే క్రమాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్దేశించింది: ఎవరిని పిలుస్తున్నామో, మన కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని గుర్తించే పేరు), ఏం జరిగింది, ఏం చేయదలచుకున్నాం, ఎక్కడ ఏ ఎత్తులో ఎటు వెళ్తున్నాం. వీటీ-ఎక్స్‌వైజెడ్ అనే విమానం నుంచి ఆచరణలో అది ఇలా ఉంటుంది: "మేడే, మేడే, మేడే, హైదరాబాద్ టవర్, విక్టర్ టాంగో ఎక్స్‌రే యాంకీ జులూ, ఇంజిన్ ఫెయిల్యూర్, కంటిన్యూయింగ్ రన్‌వే హెడింగ్, పాసింగ్ త్రీ థౌజండ్ ఫీట్, స్టాండ్‌బై." చివరనున్న ఆ స్టాండ్‌బైకి, అంటే కాస్త ఆగమనడానికి, ఎంతో విలువ ఉంది. విమానంలో ఎందరున్నారు, ఇంధనం ఎంతసేపటికి సరిపోతుంది అని కంట్రోలర్ అడుగుతాడు. అడగడం అతని విధి, చేతిలో పని ముగిశాకే జవాబివ్వడం పైలట్ హక్కు.

ఇంకొక మాట. వైఫల్యాన్ని ముందే తామే అమర్చుకుని ఎగిరేవారి పిలుపు అనుమానం కలిగించేంత నున్నగా ఉంటుంది. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్‌లో వైఫల్యాలు ఎప్పుడైనా యాదృచ్ఛికంగా తలెత్తేలా పెట్టుకునే వీలుంది. సాధన అంటే అదే.

అపోహ: ఒక్క పదం తప్పినా మేడే చెల్లదు.

వాస్తవం: 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయినప్పుడు, యూఎస్ ఎయిర్‌వేస్ 1549 కెప్టెన్ సల్లెన్‌బర్గర్ తన కాల్‌సైన్‌ను 1539 అని చెప్పాడు. కంట్రోలర్ దాన్ని సరిదిద్దుతూ కూర్చోలేదు, వెంటనే లగార్డియా విమానాశ్రయానికి తిరిగి వచ్చే దిశ ఇచ్చాడు. విమానం హడ్సన్ నదిలో దిగింది, అందులోని 155 మందీ బతికారు. పక్షులు తగిలాయి, శక్తి పోయింది, వెనక్కి తిరుగుతున్నాం అన్న మూడు ముక్కలు స్పష్టంగా అందడమే అక్కడ ముఖ్యమైంది.

అపోహ: ఇంధనం తగ్గితే "ప్రయారిటీ కావాలి" అంటే చాలు, మేడే అనడం అతి.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 అనే బోయింగ్ 707ను రద్దీ, వాతావరణం కారణంగా మూడు చోట్ల గాలిలో ఆపి ఉంచారు. ఆ నిరీక్షణ మొత్తం కలిపి గంటకు పైనే. సిబ్బంది ప్రయారిటీ అడిగారు, తొలి ల్యాండింగ్ ప్రయత్నం విఫలమయ్యాక ఇంధనం అయిపోతోందని కూడా చెప్పారు, అయితే ఎమర్జెన్సీ అన్న మాటను గానీ మేడేను గానీ పలకలేదు. దిగడానికి ఆత్రపడే విమానాలతో నిండిన ఆ రాత్రి, కంట్రోలర్లకు ఆ మాటల తీవ్రత అందలేదు. నాలుగు ఇంజిన్లూ ఆగి విమానం లాంగ్ ఐలండ్‌లో కూలిపోగా, 158 మందిలో 73 మంది మరణించారు.

2012 నుంచి అంతర్జాతీయ నిబంధనల్లో ఇందుకు రెండు నిర్దిష్టమైన పిలుపులు ఉన్నాయి. "మినిమమ్ ఫ్యూయల్" అంటే ఇక ఒకే విమానాశ్రయంలో దిగక తప్పదని, ఇంకేమాత్రం ఆలస్యమైనా తుది నిల్వను (దిగేసరికి ట్యాంకులో మిగిలి ఉండాల్సిన కనీస ఇంధనం) తాకాల్సి రావచ్చని తెలపడం. అది ఎమర్జెన్సీ కాదు, దానితో వరుసలో ముందుకు జరపరు. దిగేసరికి తుది నిల్వ కంటే తక్కువే మిగులుతుందని లెక్క తేలితే "మేడే, మేడే, మేడే, ఫ్యూయల్" అనాలి. జెట్ విమానాలకు ఆ తుది నిల్వ 30 నిమిషాల ఇంధనం. మొహమాటానికి ఇక్కడ తావు లేదు.

అపోహ: ప్రయాణికుడికి గుండెనొప్పి వస్తే "పాన్ పాన్ మెడికల్" అనాలి.

వాస్తవం: ఆ పిలుపు 1949 జెనీవా ఒప్పందాల కింద రక్షణ పొందే వైద్య రవాణా విమానాలది. అనుభవజ్ఞులు కూడా దీన్ని తప్పుగా వాడతారు. మూడుసార్లు పాన్ పాన్ (మేడే కంటే ఒక మెట్టు తక్కువ అత్యవసరాన్ని తెలిపే పిలుపు) అని, కాల్‌సైన్ చెప్పి, ప్రయాణికుడి స్థితిని వివరిస్తే సరిపోతుంది.

అపోహ: ఎమర్జెన్సీ అనగానే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానం కోడ్‌ను పంపే పరికరం) అత్యవసర కోడ్ 7700 పెట్టి, అత్యవసర రేడియో ఫ్రీక్వెన్సీ 121.5కు మారిపోవాలి.

వాస్తవం: మాట్లాడుతున్న కంట్రోలర్‌ను వదిలి వెళ్లడం అంటే, మన పరిస్థితి తెలిసిన ఒక్కరినీ దూరం చేసుకోవడమే. తొలి పిలుపు వాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే ఇవ్వాలి. ఎవరితోనూ సంబంధం లేనప్పుడు 121.5 అక్కరకు వస్తుంది. ట్రాన్స్‌పాండర్ విషయంలోనూ అంతే. కంట్రోలర్ ముందే ఒక కోడ్ ఇచ్చి ఉంటే, అతను మార్చమనేదాకా దానినే ఉంచడం సాధారణ నియమం. మార్చడమే మేలని నమ్మేందుకు ప్రత్యేక కారణం ఉంటే 7700 పెట్టవచ్చు.

అపోహ: సిమ్యులేటరే కదా, ఏదైనా నటించవచ్చు.

వాస్తవం: వాట్‌సిమ్‌లో కంట్రోలర్ ఎమర్జెన్సీని ముగించమంటే వెంటనే ముగించాలి, లేదా నెట్‌వర్క్ నుంచి తప్పుకోవాలి. హైజాక్‌ను సూచించే 7500 కోడ్ వాట్‌సిమ్, ఇవావో రెండింటిలోనూ నిషిద్ధం.

అపోహ: మేడే ప్రకటించాక వెనక్కి తీసుకోలేం.

వాస్తవం: ఆగిన ఇంజిన్ మళ్లీ అందుకున్నా, పొగ హెచ్చరిక తప్పుడుదని తేలినా, మేడేను రద్దు చేస్తున్నట్టు అదే ఫ్రీక్వెన్సీలో చెప్పాలి. అలా చెప్పేదాకా కంట్రోలర్ మిగతా విమానాలను పక్కన ఆపే ఉంచుతాడు. రద్దు చేయకుండా గేటు దగ్గర పార్క్ చేసి, నిశ్శబ్దంగా డిస్‌కనెక్ట్ అయ్యే పైలట్ వల్ల, పది మైళ్ల అవతల గాలిలో చక్కర్లు కొడుతున్నవారికి తామింకా ఎందుకు ఆగి ఉన్నామో తెలియదు.