బైండోవర్, రౌడీషీట్, తొమ్మిది అంగుళాల కత్తి: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూడటం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. కత్తి కేసుల్లో పొడిచినవాడి మనుషులూ వస్తారు, పొడిపించుకున్నవాడి మనుషులూ వస్తారు. ఇద్దరిదీ ఒకటే మాట: "ఇంతదాకా వస్తాదనుకోలేదు సార్." ఫైలు తిరగేస్తే మాత్రం నాలుగైదు నెలల ముందే ఒక బెదిరింపు, పెద్దమనుషుల ముందు ఒక పంచాయితీ, స్టేషన్‌లో ఒక కాంప్రమైజ్ కనిపిస్తాయి. అప్పుడు వాడుకోవాల్సిన చట్టం ఉంది. వాడుకోనివ్వకుండా అడ్డుపడేవి ఇదిగో, ఇలాంటి నమ్మకాలే.

అపోహ: కత్తి దిగితేగానీ పోలీసులు ఏమీ చేయలేరు.

చేయగలరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 170వ సెక్షన్ (పాత 151) ప్రకారం, ఎవరైనా పెద్ద నేరానికి సిద్ధపడుతున్నాడని తెలిసి, మరో దారిలో ఆపలేమనుకుంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. దాని బలం ఇరవై నాలుగు గంటలే. ఆవేశం దిగడానికి ఒక్కోసారి ఆ ఒక్క రాత్రే చాలు. పగ అయితే చాలదు, దానికి బైండోవర్ కావాలి. అంటే గొడవపడనని, మాట తప్పితే ఇంత డబ్బు కడతానని మేజిస్ట్రేటు ముందు బాండు రాయించడం.

అపోహ: బైండోవర్ అంటే స్టేషన్‌లో సంతకం పెట్టించుకుని పంపడం.

అసలు గందరగోళమంతా ఇక్కడే. స్టేషన్‌లో రాయించుకునే "ఇకమీదట గొడవపడను" కాగితం బైండోవర్ కాదు. పోలీసులు రిపోర్టు పంపితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు నడిచేది బైండోవర్. విజయవాడ, విశాఖల్లో ఉన్నట్టు మన నెల్లూరులోనూ ఒంగోలులోనూ పోలీసు కమిషనరేట్ లేదు కాబట్టి మామూలుగా ఆ మేజిస్ట్రేటు మన తహసీల్దారే. గొడవ జరుగుతుందన్న భయముంటే 126వ సెక్షన్ (పాత 107) కింద ఏడాది వరకు, పదే పదే నేరాలు చేసేవాడైతే 129 (పాత 110) కింద మూడేళ్ల వరకు బాండు రాయించుకోవచ్చు.

దానికి ముందు 130వ సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. మేజిస్ట్రేటుకు అందిన సమాచారం ఏమిటి, బాండు ఎంత, ఎన్నాళ్లకు, జామీనుదారులు ఎందరు అన్నవి అందులో ఉండాలి. 1970లో మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి ఈ సెక్షన్లను నిలబెట్టింది. అయితే సమాచారం సారాంశం ఆ మనిషికి తెలియజేయాల్సిందేనని గట్టిగా చెప్పింది.

ప్రాక్టీసు కొత్తలో ఒక నోటీసు నా చేతికొచ్చింది. ఒక మండలంలో అందరికీ ఒకటే అచ్చు ఫారం. పేరు, తండ్రి పేరు, రూపాయల అంకె పెన్నుతో నింపారు. ఎవర్ని ఏమన్నాడో, ఎప్పుడన్నాడో ఒక్క ముక్క లేదు. నేను నోటీసు అందుకున్నవాడి తరఫు లాయర్ని. దాన్ని కొట్టేయించాను. రెండు నెలలు తిరక్కుండానే అతనే పొలం గట్టు మీద వాళ్ల అన్న కొడుకు చేతి మీద కొడవలితో వేశాడు. లాయరుగా నేను చేసింది తప్పు కాదు. అయినా ఆ గెలుపు ఇప్పటికీ నాకు రుచించదు.

అందుకే ఫిర్యాదు రాయించుకోవడానికి వచ్చేవాళ్లకు ఒకటే చెప్తాను. "ప్రాణభయం ఉంది" అని రాసి ఆపకండి. ఫలానా తేదీ, ఫలానా టీకొట్టు ముందు, ఫలానా మాట అన్నాడు, విన్నవాళ్లు వీళ్లు అని రాయండి. ఆ నాలుగు వాక్యాలే రేపు 130 ఉత్తర్వులోకి వెళ్తాయి.

అపోహ: బైండోవర్ అయిపోయింది, ఇక భయం లేదు. (ఎదుటివాడి అపోహ: బైండోవరే కదా, ఏం పీకుతారు.)

రెండూ తప్పే. మొన్నామధ్య తహసీల్దార్ ఆఫీసు వరండాలో ఇరవై ఏళ్ల కుర్రాడు ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. పక్కన వాళ్ల నాయన, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో పొలం పాసుబుక్కు. జామీను ఆయనే. సంతకం పెడుతూ అడిగాడు: "వీడు మళ్లీ తప్పు చేస్తే నేను కట్టాలా సార్?" కట్టాలి పెద్దాయనా అన్నాను. కొడుకు ఫోను జేబులో పెట్టి మొదటిసారి తలెత్తాడు.

షరతు తప్పితే 491వ సెక్షన్ కింద నోటీసిచ్చి బాండు మొత్తం వసూలు చేయొచ్చు. జామీనుదారుకూ అది వర్తిస్తుంది. విచారణ పూర్తయ్యాక ఉత్తర్వు మీద రాసిన బాండు అయితే, తప్పినట్టు రుజువైతే 141 ప్రకారం మిగిలిన కాలానికి జైలుకూ పంపొచ్చు. కానీ తప్పాడని తహసీల్దారుకు ఎవరు చెప్పాలి? బాండు ఒక ఆఫీసు బీరువాలో ఉంటుంది, కొత్త గొడవ స్టేషన్ డైరీలో ఉంటుంది. ఆ రెండింటినీ కలిపేది ఫిర్యాదుదారే. కాబట్టి బాండు కాపీ తీసుకుని ఇంట్లో పెట్టుకోండి, మళ్లీ బెదిరిస్తే కొత్త ఫిర్యాదుకు జతచేయండి. విచారణ మొదలైన నాటి నుంచి ఆరు నెలల్లో పూర్తికాకపోతే, ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప, అది అక్కడితో ముగుస్తుందన్నదీ గుర్తుంచుకోండి. వాయిదాల మీద వాయిదాలు ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

ఇంగ్లండులో కత్తి నేరాల నివారణకే ప్రత్యేక కోర్టు ఉత్తర్వు ఉందట కదా, మనకెందుకు లేదని మా జూనియర్ ఒకడు అడిగాడు. నిజమే, 2019 చట్టంతో తెచ్చారు, 2021 జూలైలో లండన్‌లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. పన్నెండేళ్లు నిండినవాళ్ల మీదా వేసే వీలు పెట్టారు. అయితే మన బైండోవర్‌కు మూలం కూడా ఆ దేశంలోనిదే, 1361 నాటి చట్టం. కొత్త పేరు కంటే ఉన్నదాన్ని సరిగ్గా నింపడం ముఖ్యమని వాడికి చెప్పాను. వాడికి నచ్చలేదు.

అపోహ: తొమ్మిది అంగుళాల లోపు కత్తి అయితే కేసు కాదు.

ఆయుధాల చట్టం కింద నిబంధనల్లో తొమ్మిది అంగుళాల పొడవు గానీ రెండు అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తుల మాట ఉంది. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. అందుకే కొబ్బరిబోండాల కత్తికీ చేపలు కోసే కత్తిపీటకీ లైసెన్సు అడగరు. ఆ లెక్క అక్కడికే. మనిషి మీద వేస్తే కొలతలు ఎవరూ చూడరు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 118లో పొడిచే, కోసే పనిముట్టు ఏదైనా ఒకటే. చంపే ఉద్దేశం కనిపిస్తే హత్యాయత్నం, 109, అంటే పాత 307. నాకు తెలిసిన కేసుల్లో ఎక్కువ భాగం వంటింటి కత్తులే.

అపోహ: రౌడీషీట్ అంటే కోర్టు వేసిన శిక్ష.

కాదు. అది పోలీసులు నిఘా కోసం స్టేషన్‌లో పెట్టుకునే రికార్డు. పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) వేరు. అది 1986 నాటి చట్టం, దాని కింద ఏడాది వరకు నిర్బంధించవచ్చు, సలహా మండలి ముందుకు వెళ్లాలి. ఇద్దరి మధ్య గొడవకు దాన్ని వాడితే హైకోర్టులో నిలబడటం కష్టం.

అపోహ: మొగుడు కత్తి చూపిస్తే అది ఇంటి విషయం.

2005 గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. అవసరమైతే అతన్ని పిలవకముందే మధ్యంతరంగా ఇస్తుంది. తప్పితే ఏడాది వరకు జైలు, లేదా ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ. బైండోవర్ కంటే దీనికే పదునెక్కువని నా అభిప్రాయం.

అపోహ: మైనరైనా బైండోవర్ చేసేయొచ్చు.

కుదరదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 22వ సెక్షన్ దాన్ని పూర్తిగా ఆపేసింది. పిల్లవాడికి పదిహేడేళ్లయితే పదో తరగతి మెమో తీసుకుని పరిగెత్తండి. అలాగని ఏం చేసినా చెల్లుతుందనుకోవద్దు. పదహారు నిండినవాడు హత్య చేస్తే, జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమికంగా మదింపు చేసి పెద్దవాళ్లలాగే విచారించమని పంపొచ్చు.

అపోహ: బెయిలొచ్చేసింది, ఇక మన చేతిలో ఏం లేదు.

బెయిలు ఉత్తర్వులో షరతులుంటాయి, సర్టిఫైడ్ కాపీ తీసుకుని చదవండి. బాధితుల మాట వినాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మా క్లయింటు ఒకామె, చేతికి పద్నాలుగు కుట్లు. పొడిచినవాడు ఆ వీధిలోకి రాకూడదన్నది షరతు. సాయంత్రం పూట అతని బండి సందు మొదట్లో ఆగుతోందని ఆమె వచ్చి చెప్పింది. "అరవొద్దమ్మా, మేడ మీద నుంచి ఫొటో తియ్యి, తేదీ పడేట్టు" అన్నాను. పదిరోజుల్లో ఏడు ఫొటోలు తెచ్చింది. బెయిలు రద్దు పిటిషన్‌కు అన్నీ జతచేశాం. మూడింట్లో బండి నంబరు స్పష్టంగా పడింది. అవి సరిపోయాయి.