విశ్వం విస్తరిస్తుంటే గెలాక్సీలూ ఉబ్బుతాయా?

గెలాక్సీల వర్ణపటాలు, అంటే వాటి కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలు, కొలవడం నా వృత్తి. విశ్వ వ్యాకోచం మాట ఎత్తగానే నన్ను ఎక్కువ మంది అడిగేది ఈ ప్రశ్నే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: విశ్వంతోపాటు గెలాక్సీలు, సౌరకుటుంబం, చివరకు మనమూ సాగిపోతున్నాం.

వాస్తవం: గెలాక్సీలు సాగవు. వాటి గుంపుల మధ్య దూరాలే పెరుగుతాయి. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల చొప్పున విశ్వం విస్తరిస్తోంది. దాదాపు లక్ష కాంతి సంవత్సరాల వెడల్పున్న పాలపుంతకు ఇదే లెక్క వేస్తే సెకనుకు 2 కిలోమీటర్లు వస్తుంది. పాలపుంత కేంద్రం చుట్టూ సూర్యుడు తిరిగే వేగం 220 కిలోమీటర్ల పైమాటే. ‘అయితే మన గెలాక్సీలోనూ వ్యాకోచం ఉంది, మరీ తక్కువ కాబట్టి తెలియడం లేదు’ అనుకుంటారు చాలామంది. పుస్తకాల్లో కూడా ఇలా రాసి ఉండటం చూస్తే నాకు బాధగా ఉంటుంది. నిజానికి ఆ 2 కిలోమీటర్లు కూడా ఇక్కడ లేవు. పాలపుంతగా మారిన పదార్థం ఒకప్పుడు మిగతా విశ్వంలాగే విస్తరించింది. అక్కడ సాంద్రత కాస్త ఎక్కువ. అందువల్ల గురుత్వాకర్షణ ఆ విస్తరణను నెమ్మదింపజేసి, నిలిపి, పదార్థాన్ని లోపలికి లాక్కుంది. ఆ చోట వ్యాకోచం కథ అప్పుడే ముగిసింది.

అపోహ: గెలాక్సీలన్నీ మననుంచి దూరమవుతున్నాయి, కాబట్టి మనమే మధ్యలో ఉన్నాం.

వాస్తవం: ఏ గెలాక్సీ నుంచి చూసినా దృశ్యం ఇలాగే ఉంటుంది, మధ్య అంటూ ఏదీ లేదు. ‘అన్నీ’ అనడమూ సరికాదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ మన వైపే వస్తోంది. 1912లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త వెస్టో స్లైఫర్ దాని వేగం కొలిస్తే సెకనుకు 300 కిలోమీటర్లని తేలింది. అందులో ఎక్కువ భాగం సూర్యుడి సొంత పరుగే. అది తీసేస్తే మిగిలేది సుమారు 110.

అపోహ: రెడ్‌షిఫ్ట్ అంటే గెలాక్సీ ఎర్రగా కనిపించడం.

వాస్తవం: రెడ్‌షిఫ్ట్ అంటే కాంతి తరంగం ఎన్నో వంతు సాగిందో చెప్పే అంకె. దానికోసం మేము చూసేది రంగును కాదు, వర్ణపటంలోని గీతలను. వయసు మళ్లిన నక్షత్రాలున్న గెలాక్సీలో కాల్షియం వల్ల రెండు నల్లని గీతలు పక్కపక్కనే పడతాయి, 393.4, 396.8 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. ఒక గెలాక్సీలో ఇవే 432.7, 436.5 దగ్గర కనిపించాయనుకోండి. రెండూ పదో వంతు సాగాయి, వాటి మధ్య ఎడం కూడా అంతే సాగింది. ఆ జంటను గుర్తుపట్టగానే రెడ్‌షిఫ్ట్ 0.1 అని రాసుకుంటాం. ఆ కాంతి బయలుదేరి సుమారు 130 కోట్ల సంవత్సరాలైంది. దారిలో సాగింది కాంతి తరంగమే. దాన్ని పంపిన గెలాక్సీ అంగుళం కూడా సాగలేదు.

అపోహ: కాంతికన్నా వేగంగా దూరమయ్యే గెలాక్సీలు మనకు కనిపించవు.

వాస్తవం: రెడ్‌షిఫ్ట్ సుమారు 1.5 దాటిన గెలాక్సీలన్నీ ఈ క్షణాన కాంతిని మించిన వేగంతోనే దూరమవుతున్నాయి. ఆ వేగం అంతరిక్షం విస్తరించడం వల్ల వచ్చింది కాబట్టి సాపేక్ష సిద్ధాంతానికి భంగం లేదు. అలాంటి వాటి వర్ణపటాలనూ మేము రోజూ కొలుస్తూనే ఉన్నాం.