జైలులో గర్భిణులు, బాలింతల ఆరోగ్యం: అపోహలు – వాస్తవాలు

న్యాయసేవాధికార సంస్థ తరఫు న్యాయవాదిగా మహిళా జైలుకు వెళ్లినప్పుడు, నెలలు నిండుతున్న ఖైదీలు కేసు సంగతి కన్నా ముందు కాన్పు సంగతే అడుగుతారు. ఇక్కడికి వచ్చాక మనకు హక్కులేముంటాయని, ఇంకా విచారణే మొదలుకాని స్త్రీలు కూడా అనుకోవడం నన్ను ఎంతో బాధిస్తుంది.

అపోహ: జైలులో ఉన్న స్త్రీ అక్కడే ప్రసవించాలి, బిడ్డ జనన ధ్రువపత్రంలో జైలు పేరే ఉంటుంది.

వాస్తవం: ఆర్.డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల మధ్య కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఇచ్చిన తీర్పు ఈ రెండింటికీ జవాబు చెప్పింది. గర్భిణిని ఒక జైలుకు పంపేముందే అక్కడ కాన్పుకూ, అంతకు ముందూ తరువాతా తల్లీబిడ్డల సంరక్షణకూ కనీస వసతులున్నాయో లేదో అధికారులు చూసుకోవాలి. వీలైనంతవరకు తాత్కాలిక విడుదలతోనో పెరోల్‌తోనో కాన్పు బయటి ఆసుపత్రిలో జరిగేలా ఏర్పాటు చేయాలి. జననాన్ని స్థానిక కార్యాలయంలో నమోదు చేయించాలి, కానీ పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. బిడ్డకు నామకరణం జరుపుకోవడానికి సైతం వీలు కల్పించాలని ఆ తీర్పులో ఉంది. ఈ మాట చెప్పగానే తల్లుల ముఖాలు మారడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: తీవ్రమైన కేసయితే గర్భిణికైనా బెయిలు అడగడం వృథా.

వాస్తవం: నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరాల్లోనూ స్త్రీకి బెయిలు ఇచ్చే వెసులుబాటు, క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 480వ సెక్షన్‌లో ఉంది. బెయిలు చాలా కష్టంగా దొరికే మాదకద్రవ్యాల కేసులో కూడా, బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2024 నవంబరులో ఒక గర్భిణికి కాన్పు కోసం 6 నెలల తాత్కాలిక బెయిలు ఇచ్చింది. అయితే ఇది దానంతట అదే రాదు కనుక, స్కానింగ్ రిపోర్టు, కాన్పు తేదీ అంచనా జతచేసి ముందుగానే దరఖాస్తు వేయాలి. తొమ్మిదో నెల వరకు ఆగితే విచారణ తేదీ వచ్చేలోపే నొప్పులు రావచ్చు.

అపోహ: పారిపోకుండా కాన్పు సమయంలోనూ సంకెళ్లు వేయవచ్చు.

వాస్తవం: నొప్పుల సమయంలోనూ, కాన్పప్పుడూ, ఆ వెంటనే కూడా సంకెళ్లు వాడరాదని మహిళా ఖైదీల విషయంలో పాటించాల్సిన 2010 నాటి ఐక్యరాజ్యసమితి బ్యాంకాక్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి.

అపోహ: బిడ్డకు పాలివ్వడానికి అధికారుల దయ కావాలి.

వాస్తవం: ప్రత్యేకమైన ఆరోగ్య కారణం ఉంటే తప్ప తల్లిని పాలివ్వకుండా నిరుత్సాహపరచరాదని అవే నియమాలు అంటున్నాయి. 2006 తీర్పు ప్రకారం బిడ్డ ఆరేళ్లు నిండేవరకు తల్లి దగ్గర ఉండవచ్చు. ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదు, తినిపించడానికి తల్లికి వేరుగా పాత్రలు ఇవ్వాలి. వీటిలో ఏది అందకపోయినా జైలు సూపరింటెండెంటుకు చెప్పవచ్చు, న్యాయసేవాధికార సంస్థకు రాయవచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాది లభిస్తారు. ఇంటివారు న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు.