టాక్స్ లీన్ కొంటే ఇల్లు రాదండీ

నెలకి ఒకరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు: "అన్నా, పన్ను బాకీ ఎనిమిది వందల డాలర్లు కట్టేస్తే ఇల్లు మన పేరు మీదకి వస్తుందట కదా?" మొన్న అడిగినాయన ఈ మాట వినడానికే ఏదో సెమినార్‌కి మూడు వేలు పోసి వచ్చాడు.

రాదు. ఇక్కడ ఫ్లోరిడాలో మనం కొనేది ఇల్లు కాదు, యజమాని కట్టని పన్ను మనం కట్టి, దాని మీద వడ్డీ తీసుకునే హక్కు. దాని కాగితమే టాక్స్ లీన్ సర్టిఫికెట్. వేలంపాట 18 శాతం వడ్డీ దగ్గర మొదలై కిందికి దిగుతుంది. తక్కువ వడ్డీకి ఒప్పుకున్నవాడిదే సర్టిఫికెట్. మంచి ఇళ్లకి పెద్ద ఫండ్లు పావు శాతానికి కూడా పాడేస్తాయి. యజమాని వెంటనే కట్టేసినా కనీసం 5 శాతం వస్తుందని వాళ్లకి తెలుసు. సున్నాకి పాడితే మాత్రం అదీ లేదు.

"రెండేళ్లయినా కట్టకపోతే?" అప్పుడు టాక్స్ డీడ్‌కి, అంటే పన్ను బాకీ కింద ఆస్తిని అమ్మించడానికి, దరఖాస్తు పెట్టాలి, మిగతా బాకీలూ ఖర్చులూ మన జేబులోంచే కట్టాలి. తర్వాత కౌంటీ (అక్కడి స్థానిక ప్రభుత్వం) ఈసారి ఆ ఆస్తినే వేలం వేస్తుంది. ఎవరైనా ఎక్కువ పాడితే మన డబ్బు మనకి, ఇల్లు వాళ్లకి. ఎవరూ పాడకపోతేనే మన దాకా వస్తుంది. ఎవరికీ అక్కర్లేని ఆస్తి ఎలా ఉంటుందంటారు?

నాకు తెలుసు. మొదట్లో మ్యాప్ తెరవకుండా, స్థలం పార్సిల్ నంబరు మాత్రమే చూసి ఒక సర్టిఫికెట్ కొన్నాను. తీరా చూస్తే రెండిళ్ల వెనక వాననీరు పోయే కాలవ! ఏడేళ్లకి ఆ కాగితం చెల్లకుండా పోయింది. "కాలవకి గృహప్రవేశం ఎప్పుడు?" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

రూల్స్ అన్నిచోట్లా ఒకటే అనుకోవద్దు. అరిజోనాలో పాట 16 శాతం దగ్గర మొదలవుతుంది, టెక్సస్‌లో లీన్ కాదు, ఆస్తినే అమ్ముతారు. "రిస్కే లేదు" అనేవాళ్లని యజమాని దివాలా పిటిషన్ వేస్తే ఏమవుతుందో అడగండి.

ఇంకో రకం ఫోన్లు వస్తాయి, గొంతు వణుకుతూ. "మా ఇంటి సర్టిఫికెట్ ఎవరో కొన్నారట, ఖాళీ చేయిస్తారా?" టెన్షన్ పడకండమ్మా. ఆ రెండేళ్లూ డబ్బు కట్టమని మిమ్మల్ని అడగడానికి కొన్నవాడికి హక్కు లేదు. డీడ్ వేలం పూర్తయ్యేలోపు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. వాడికి కాదు, కౌంటీ టాక్స్ కలెక్టర్ ఆఫీసులో కట్టండి. వడ్డీ పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఈ వారమే వెళ్లండి.