కొడీన్ విషయంలో తేలిన జన్యువు, మార్ఫిన్ విషయంలో తేలని జన్యువు

దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న 62 ఏళ్ల వ్యక్తికి న్యుమోనియా సోకినప్పుడు, దగ్గు తగ్గడానికి దగ్గుకూ నొప్పికీ వాడే కొడీన్‌ను 25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇవ్వగా, నాలుగో రోజుకు ఆయన పిలిచినా పలకని స్థితికి చేరుకున్నట్లు, దాని ప్రభావాన్ని తిప్పికొట్టే నాలొక్సోన్ ఇచ్చాక తేరుకున్నట్లు 2004లో ఒక నివేదిక వెలువడింది. మోతాదు మామూలుదే. అయితే కొడీన్‌కు సొంతంగా ఉన్న శక్తి స్వల్పం. కాలేయంలోని సివైపి2డి6 అనే ఎంజైమ్ దానిలో 5 నుంచి 10 శాతాన్ని మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందుగా మార్చినప్పుడే అది పనిచేస్తుంది. ఆ రోగిలో ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు ప్రతులు ఎక్కువగా ఉండటంతో మార్ఫిన్ అతివేగంగా తయారైంది. పైగా ఆయనకిచ్చిన క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొడీన్ విచ్ఛిన్నమయ్యే మరో దారిని మూసివేసింది, మూత్రపిండాలూ దెబ్బతిన్నాయి.

ఇందుకు విరుద్ధంగా, ఐరోపా సంతతివారిలో 5 నుంచి 10 శాతం మందిలో ఈ ఎంజైమ్ అసలు పనిచేయదు కాబట్టి, కొడీన్ ఎంత వాడినా వారి నొప్పి పెద్దగా తగ్గదు. ట్రమడాల్ అనే మరో నొప్పి మందు ప్రభావం కూడా చాలావరకు ఈ ఎంజైమ్ మీదే ఆధారపడుతుంది. క్యాన్సర్ రోగులు కుంగుబాటుకు వాడే పారాక్సెటిన్ వంటి మందులు ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అందువల్ల జన్యువు సవ్యంగా ఉన్నవారికీ ఇదే ఇబ్బంది ఎదురుకావచ్చు.

మార్ఫిన్‌కు ఈ మార్పిడి అవసరం లేదు, అందుకే పరిశోధకులు దాని విషయంలో వేరే జన్యువులను వెతికారు. నార్వేలో 207 మంది క్యాన్సర్ రోగులను పరిశీలించినప్పుడు, డోపమైన్ వంటి మెదడు రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌కు సంబంధించిన కామ్ట్ జన్యువు ఒక రూపం ఉన్నవారికి రోజుకు సగటున 155 మిల్లీగ్రాముల మార్ఫిన్, మరో రూపం ఉన్నవారికి 95 మిల్లీగ్రాములే అవసరమయ్యాయి. మార్ఫిన్ అతుక్కునే గ్రాహకాన్ని నిర్మించే ఓపీఆర్ఎం1 జన్యువుపైనా ఇలాంటి ఆశలే పెట్టుకున్నారు. అయితే 11 ఐరోపా దేశాలకు చెందిన 2,294 మంది రోగులలో 25 జన్యువులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వాటిలోని ఏ తేడాకూ ఓపియాయిడ్‌ల (మార్ఫిన్ కోవకు చెందిన మందుల) మోతాదుతో నిలకడైన సంబంధం కనిపించలేదు.

నా దృష్టిలో ఇది ఆశ్చర్యపడాల్సిన ఫలితం కాదు, ఎందుకంటే కణితి ఎముకను తొలుస్తోందా, నరాన్ని నొక్కుతోందా, మందుకు శరీరం ఎంత అలవాటుపడింది, రోగి వయసెంత అన్నవన్నీ కలిసి నిర్ణయించే మోతాదులో ఒక్క జన్యువు వంతును విడదీయడం కష్టం. అందుకే 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సివైపి2డి6 చురుకుదనం అతిగా ఉన్నవారికీ, అసలు లేనివారికీ కొడీన్, ట్రమడాల్ వద్దని చెబుతూ, ఓపీఆర్ఎం1, కామ్ట్ జన్యువుల ఆధారంగా మాత్రం ఏ సిఫారసూ చేయలేదు. మార్ఫిన్ నుంచి పుట్టే చురుకైన పదార్థం మూత్రపిండాల ద్వారానే బయటకు పోవాలి కాబట్టి, ఆ మందు మొదలుపెట్టే ముందు వైద్యుడికి ప్రస్తుతానికి జన్యు పరీక్ష కంటే మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ పరీక్షే ఎక్కువ ఉపయోగపడుతుంది.