సాలెగూటిని ఫోటో తీయడం: అపోహలు, వాస్తవాలు

లాస్ ఏంజలెస్‌లోని ఎక్స్‌పొజిషన్ పార్కులో ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియం వారు వసంతం, వేసవి నెలల్లో సీతాకోకచిలుకలను ఉంచే వలపందిరిని శరదృతువు రాగానే సాలీళ్లకు అప్పగిస్తారు. కొమ్మలకూ చట్రాలకూ గూళ్లు అల్లుకుని కూర్చున్న సాలీళ్ల మధ్య నుంచి, గాజు పలక అడ్డం లేకుండా సందర్శకులు నడిచి వెళతారు. కెమెరా తగిలించుకుని అక్కడికి వెళుతుండే నాకు, పక్కన నిలబడి ఫోటోలు తీసే తెలుగు మిత్రుల నుంచీ, ఆ ఫోటోలు చూసిన బంధువుల నుంచీ కొన్ని మాటలు పదేపదే వినిపిస్తుంటాయి. గూడు కనిపించకపోతే గూటికే ఏదో చేయాలనుకోవడం వాటిలో చాలావాటికి మూలం. నిజానికి కదలవలసింది మనం.

అపోహ: గూడు స్పష్టంగా పడాలంటే దాని మీద నీళ్లో, పిండో చల్లాలి.

వాస్తవం: ఈ అలవాటు శూన్యం నుంచి పుట్టలేదు. గూళ్ల నిర్మాణాన్ని అధ్యయనం చేసిన శాస్త్రవేత్తలే కొలతల కోసం మొక్కజొన్న పిండి చల్లి ఫోటోలు తీసేవారు. వారికి కావలసింది దారాల లెక్క. మనకు కావలసింది ఒక మంచి బొమ్మ, అందుకోసం సాలీడు పొట్ట కొట్టనక్కరలేదు. చక్రాకారపు గూటిలో, బండిచక్రం ఆకుల్లాగా మధ్య నుంచి అంచుకు సాగే దారాలకు జిగురు ఉండదు. వాటి మీదుగా చుట్లు తిరిగే దారానికే జిగురు బొట్లు వరుసగా ఉంటాయి. ఆ బొట్లకు పిండి అంటుకుంటే ఇక ఈగ అంటుకోదు. తోటల్లో కనిపించే చాలా జాతులు పాత గూటిని తినేసి రాత్రికి రాత్రే కొత్తది అల్లుకుంటాయి కాబట్టి ఆ నష్టం ఒక పూటతో పోతుందని వాదించేవారున్నారు. కాని ఆ పందిరిలో అందరి కళ్లూ పడే బంగారు దారపు సాలీడు, అంటే ట్రైకోనెఫిలా క్లావిపెస్, అలా చేయదు. అది పాడైన భాగాన్ని మాత్రమే మార్చుకుంటూ అదే గూటిని రోజుల తరబడి వాడుకుంటుంది.

దారం మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. అది తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. అందువల్ల మన కంటికి కనిపించేది దారం కాదు, దానికి తగిలి చెదిరిన వెలుగు. ఆ వెలుగు గూటి వెనుక నుంచి కాస్త ఏటవాలుగా మన వైపు వస్తూ, గూటికి ఆవల నీడపట్టు ఉన్నప్పుడు, పిండి చల్లినా రానంత తేటగా ఒక్కొక్క పోగూ మెరుస్తుంది. పందిరిలో అడుగుపెట్టగానే నేను ముందుగా వెతికేది సాలీడును కాదు, ఎండ ఏ వైపు నుంచి వస్తున్నదో చూస్తాను. అప్పటిదాకా లేదనుకున్న గూడు ఒక్క అడుగు పక్కకు వేయగానే ప్రత్యక్షమవుతుంది. వెనుక ఉన్న నీడను చూసి కెమెరా బొమ్మను అనవసరంగా తెల్లబరుస్తుంది కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగును సగానికి, తగ్గించుకోవాలి.

అపోహ: కెమెరా మీద ఫ్లాష్ ఉంటే వెలుతురు సమస్య తీరిపోతుంది.

వాస్తవం: లెన్స్ పక్క నుంచి సూటిగా పోయే వెలుగు దారాల మీద పెద్దగా నిలవదు, వెనుక ఉన్న పందిరి వలను వెలిగిస్తుంది, సాలీడు నున్నని వీపు మీద తెల్లని మచ్చ పెడుతుంది. సొంత తోటలోనైతే ఫ్లాష్‌ను విడిగా పక్క నుంచి వెలిగించవచ్చు గాని, జనం నడిచే ఇరుకు దారిలో అది కుదిరే పని కాదు. గాలికి గూడు ఊగుతుంది కాబట్టి షట్టర్ వేగం 1/250 సెకనుకు తగ్గకుండా చూసుకుని, అవసరమైతే ఐఎస్ఓను, అంటే కెమెరా వెలుగును గ్రహించే తీవ్రతను, 1600 దాకా పెంచుకోవడమే మేలు.

అపోహ: మాక్రో లెన్స్‌తో ఎంత దగ్గరికి వెళితే ఫోటో అంత బాగా వస్తుంది.

వాస్తవం: ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాతో, సెన్సార్ మీద ఉన్నది ఉన్నంత పరిమాణంలో పడేలా తీస్తే, లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్/16 పెట్టినా తేటగా పడే లోతు సుమారు 2 మిల్లీమీటర్లు మాత్రమే. పైగా అంత దగ్గర్లో ఎఫ్/16 నిజానికి ఎఫ్/32లా పనిచేస్తుంది కాబట్టి బొమ్మ మొత్తంగా మెత్తబడుతుంది. అదే సాలీడును పావు పరిమాణంలో, ఎఫ్/11 దగ్గర తీస్తే ఆ లోతు సుమారు 13 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. కాళ్లు చాచి కూర్చున్న సాలీడు చట్రంలో పూర్తిగా ఇముడుతుంది, చుట్టూ గూడు కూడా కనిపిస్తుంది. కెమెరా వీపును గూటికి సమాంతరంగా పట్టుకోవడం, నా దృష్టిలో, ఖరీదైన లెన్స్ కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. ఆటోఫోకస్ తరచుగా వెనుక వల మీదికి జారిపోతుంది. ఫోన్‌తో తీసేవారు గూటికి తగలకుండా, అంతే దూరంలో పక్కన అరచేయి పెట్టి, దాని మీద ఫోకస్‌ను స్థిరపరచి, తరువాత చేయి తీసేయవచ్చు.

అపోహ: ఓపికగా నిలబడితే అల్లిక మొదటి నుంచి చివరిదాకా తీయవచ్చు.

వాస్తవం: చాలా జాతులు అల్లేది తెల్లవారకముందే. 1948లో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో హెచ్. ఎం. పీటర్స్ అనే జంతుశాస్త్రవేత్త, ఆ వేళకాని వేళల్లో నిద్ర కాయలేక, వాటి సమయాన్ని మార్చే మందేదైనా ఉందా అని ఔషధశాస్త్రవేత్త పీటర్ విట్‌ను అడిగారు. మందులు ఇచ్చి చూస్తే సాలీళ్ల వేళ మారలేదు, గూళ్ల ఆకారం మారింది. పగలు వెళ్లే మనకు ఎక్కువగా దొరికేవి మరమ్మతులూ, పురుగును దారంతో చుట్టే దృశ్యమూ.

అపోహ: దగ్గరగా నిలబడితే మీద పడి కరుస్తాయి.

వాస్తవం: శ్రీకాళహస్తి పేరులోని ‘శ్రీ’ శివుణ్ణి కొలిచిన సాలీడే అయినా, ఒంటి మీద నీటిపొక్కులు లేస్తే సాలీడు పాకిందనే మాట మన ఇళ్లలో పోలేదు. గూడు అల్లి కూర్చునే ఈ సాలీళ్లకు చూపు మందం, ప్రపంచమంతా వాటికి దారాల కదలికలోనే తెలుస్తుంది. కూర్చున్న చోటు వదిలి మనిషి మీదికి రావలసిన అవసరం వాటికి లేదు. మన ఊపిరి తగిలినా, సంచీ పట్టీ దారానికి రాసుకున్నా ఆర్గియోప్ జాతివి గూటినంతా ఊపేస్తాయి. ఫోటో చెదరడానికి చేతి వణుకు కంటే ఇది పెద్ద కారణం. గూటి మధ్య మందపాటి తెల్లని దారంతో వంకరటింకర గీతలు పెట్టేవి ఈ జాతివే. వీటి దాయాదులు మన పెరటి మొక్కల మీద కూడా ఉంటాయి.

అపోహ: బంగారు దారపు సాలీడు గూటికి ఆ రంగు ఎడిటింగ్‌లో తెచ్చినది.

వాస్తవం: దారమే పసుపు. కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్సే దాన్ని తెల్లబరుస్తుంది, డేలైట్‌కు మార్చుకుంటే చాలు.

అపోహ: పెద్ద బంగారు దారపు సాలీడు పక్కన ఉన్న చిన్నది దాని పిల్ల.

వాస్తవం: అది మగది. ఆడదాని శరీరం 25 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా ఉంటే మగది 6 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఒక మిత్రుడు దాన్ని లెన్స్ మీది నలుసనుకుని కంప్యూటర్‌లో చెరిపేశాడు.

అపోహ: తల కిందికి ఉంటే ఫోటో తలకిందులైనట్లు, తిప్పి సరిచేయాలి.

వాస్తవం: నిలువు గూళ్లలో కూర్చునే సాలీళ్లు ఎక్కువగా తల కిందికి పెట్టుకునే ఉంటాయి. పైకి ఎక్కడం కంటే కిందికి పరుగెత్తడం వాటికి సులువు. అందుకు తగ్గట్టే గూటి కింది భాగం పెద్దదిగా ఉంటుంది. ఈ బంగారు దారపు జాతినే 2011లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపి, కెమెరాలతో నిరంతరం ఫోటోలు తీశారు. భూమ్యాకర్షణ తెలియని ఆ చోట, దీపాలు వెలిగి ఉన్నంతసేపు సాలీడు వెలుగు వచ్చే వైపును పైగా భావించి, తలను దానికి ఎదురు దిక్కుకు పెట్టుకుని కూర్చున్నది.