ఇల్లు ఆఫీసైన ఆ ఎనిమిది వారాలు

పని వేళలు దాటాక వచ్చే ఫోన్లకూ మెయిళ్లకూ జవాబివ్వకుండా ఉండే హక్కు ఉద్యోగులకు కావాలంటూ 2025 డిసెంబరు 5న ప్రతిపక్ష ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ప్రైవేటు సభ్యుల బిల్లు (మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టేది) పెట్టారు. దాంతో ఐటీ కుర్రకారు పని గంటల గొడవ మళ్లీ రాజుకుంది. వారానికి 70 గంటలు చేయాలన్న నారాయణమూర్తి మాట, 90 గంటలన్న ఎల్ అండ్ టీ చైర్మన్ మాట అందరూ విన్నవే. ఇప్పటి గొడవను అర్థం చేసుకోవాలంటే మాత్రం 2020 చివర్లో ఢిల్లీ నుంచి వెలువడ్డ రెండు కాగితాలు చూడాలి.

అంతకుముందు కాల్‌సెంటర్లు, బీపీవోలు మనుషుల్ని ఇంట్లో కూర్చోబెట్టి పని చేయించుకోవడం అంత తేలిక కాదు. టెలికాం శాఖకు కోటి రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. ఏ ఇంటి నుంచి పని చేస్తారో ముందే చెప్పాలి. ఉద్యోగి సాయంత్రాలను కాపాడాలని పెట్టిన నిబంధనలు కావివి. ఇంటర్నెట్ కాల్స్‌ని దొడ్డిదారిన మామూలు ఫోన్ లైన్లలోకి మళ్లించి టెలికాం కంపెనీల ఆదాయానికి గండి కొడతారన్న భయంతో పెట్టినవి. అయినా ఆ రంగంలో ఇంటికీ ఆఫీసుకీ మధ్య గోడలా నిలబడింది అవే. కరోనా వచ్చాక 2020 మార్చిలో తాత్కాలికంగా సడలించారు. నవంబరు 5న ఆ సడలింపును శాశ్వతం చేస్తూ దేశంలో ఎక్కడి నుంచైనా పని చేయవచ్చన్నారు. పరిశ్రమ హర్షించింది. ఊళ్లో అమ్మానాన్నల దగ్గరుండి పని చేసుకోవచ్చని ఉద్యోగులూ సంతోషించారు. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. కానీ ఉద్యోగి ఎక్కడుండి పని చేయాలో తేల్చింది టెలికాం శాఖ. ఎంతసేపు చేయాలో తేల్చాల్సింది కార్మిక శాఖ.

ఆ శాఖ సరిగ్గా ఎనిమిది వారాలకు, డిసెంబరు 31న, సేవా రంగానికి నమూనా స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థల్లో ఉద్యోగ షరతుల నిబంధనల) ముసాయిదా తెచ్చింది. అందులో ఇంటి నుంచి పనికి చోటిచ్చింది. ఐటీ రంగంలో పని గంటలు మాత్రం యాజమాన్యానికీ ఉద్యోగికీ మధ్య ఒప్పందం ప్రకారమో, నియామక షరతుల ప్రకారమో ఉంటాయని రాసి ఊరుకుంది. నా దృష్టిలో కథంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఆఫర్ లెటర్ అందుకున్న ఇరవై రెండేళ్ల పిల్ల 'ప్రాజెక్టు అవసరాన్ని బట్టి అదనపు వేళల్లోనూ పని చేయాలి' అన్న షరతు మీద బేరమాడగలదా? సంతకం పెట్టి ఇంట్లో స్వీట్లు పంచుతుంది.

హైదరాబాద్‌లో ఆ వాక్యం వచ్చేనాటికే దారి సిద్ధంగా ఉంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని 16వ సెక్షన్ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదంటుంది. తెలంగాణ ప్రభుత్వం ఐటీ కంపెనీలకు ఈ సెక్షన్ నుంచి మినహాయింపు ఇస్తూ వస్తోంది. వారానికి 48 గంటలు, అది దాటితే ఓవర్‌టైమ్ అన్న షరతు మినహాయింపు ఉత్తర్వులోనూ ఉంది. దాటినట్టు రుజువేదీ? చాలా ప్రాజెక్టుల్లో క్లయింటుకు బిల్లు వేసే గంటలే టైమ్‌షీట్‌లోకి ఎక్కుతాయి. మిగతావి ఎక్కడా ఉండవు.

చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం పదకొండంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. అక్కడివాళ్లకు అది మీటింగ్ పెట్టుకునేందుకు అనువైన వేళ. కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే ఫ్రెషర్‌కు అప్పటికి మెస్ మూసే టైమవుతుంది. కంచం ఒక చేత, ఫోన్ ఇంకో చేత, మ్యూట్‌లో కాల్. పగలు బ్యాంకు పనికో డాక్టర్ దగ్గరికో వెళ్లొచ్చే వీలుందంటారు, నిజమే. కానీ ఆ గంటసేపు కూడా ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో పేరు పక్కన, పనిలో ఉన్నట్టు చూపే పచ్చ చుక్క పసుపు రంగులోకి మారిందేమోనన్న టెన్షన్ తప్పదు. పొద్దున మళ్లీ స్టాండప్ కాల్, అంటే టీమ్ రోజువారీ మీటింగ్. ఏ వేళ సమస్య వచ్చినా అందుబాటులో ఉండాల్సిన ఆన్‌కాల్ వారమైతే నిద్రలోనూ చెవి ఫోన్ మీదే.

క్లయింట్లు వేరే దేశాల్లో ఉన్నప్పుడు గడియారం చూసుకుని పని చేయడం కుదరదని కంపెనీలంటాయి. ఇంటి నుంచి పని చేసేవాళ్లు రోజువారీ గంటలు మించితే జాగ్రత్త చెబుతూ ఇన్ఫోసిస్ మెయిళ్లు పంపుతోందని 2025లో వార్తలొచ్చాయి. మంచిదే. ఎవరు ఎన్ని గంటలు లాగిన్‌లో ఉన్నారో కంపెనీలు లెక్కపెట్టగలవని కూడా దీంతో తేలింది.

అదే ఏడాది పరిమితులు మాత్రం ఎటు జరిగాయో చూడండి. జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతించింది, వారానికి 48 అన్న హద్దు ఉంచింది. రోజుకు పదికి పెంచాలని అంతకు నెల ముందే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది.

సూలే ఇలాంటి బిల్లునే 2018లోనూ తెచ్చారు, ముందుకు కదల్లేదు. 1970 తర్వాత ప్రైవేటు సభ్యుల బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు కాబట్టి దీని మీదా ఆశ పెట్టుకోలేం. మినహాయింపు ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వం చేతిలోది, గడువు తీరినప్పుడల్లా పొడిగించేది. అందులోని 48 గంటల షరతును టైమ్‌షీట్‌తో కాకుండా లాగిన్ రికార్డుతో లెక్కించాలని ఒక్క వాక్యం చేర్చడానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు.